మంచుబండికి ఊపిరాడకపోతే...

ఎటు చూసినా మంచే. మైనస్ 30 డిగ్రీల చలి. కొండవాలు మీద రయ్యిమంటూ దూసుకుపోతోందో స్నోమొబైల్. టర్బో బిగించి మరీ బలం పెంచిన బండి అది. ఉన్నట్టుండి బానెట్ సందుల్లోంచి నీలం పొగ. కాలిన ఆయిల్ కంపు. ఆపి చూస్తే... ఇంజిన్ చుట్టూ నూనె చిమ్మేసి ఉంది! ఎక్కడా పగుళ్లు లేవు. నట్లు వదులవలేదు. మరి ఆ ఆయిల్ ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

సమాధానం ఓ చిన్న గొట్టంలో ఉంది. బొటనవేలంత లావుండే ఆ గొట్టమే ఇంజిన్‌కి ముక్కు. అది సరిగా ఊపిరి వదల్లేకపోతే లక్షలు పోసి బలం పెంచుకున్న బండి కూడా నడిమంచులో చతికిలపడుతుంది. మన ఊళ్లో బండి ఆగిపోతే తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోవచ్చు. నిర్మానుష్యమైన మంచుకొండల్లో, సూర్యుడు దిగిపోయే వేళ ఆగిపోతే? అక్కడ అది ప్రాణాల మీదికొచ్చే సంగతి.

బిడ్డను దక్కించుకోలేక...

అసలు ఈ బండి పుట్టిందే ఓ ప్రాణం పోయిన దుఃఖం నేపథ్యంలో. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కోర్ట్ అనే చిన్న ఊరుంది. 1934 చలికాలంలో అక్కడ జోసెఫ్ ఆర్మాండ్ బాంబార్డియర్ అనే యువ మెకానిక్ కొడుక్కి కడుపులో ఇన్‌ఫెక్షన్ ముదిరింది. బాబుకి రెండేళ్లే. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలేదు. మంచు మీద నడిచే వాహనం కోసం ఆయన అప్పటికే ప్రయోగాలు చేస్తున్నా, షెడ్డులో ఉన్న బండి ఇంకా పూర్తికాలేదు. బిడ్డ దక్కలేదు.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. మంచులో కూరుకుపోకుండా బండిని లాక్కెళ్లే పట్టా, దాన్ని తిప్పే పళ్లచక్రాల పద్ధతికి 1937లో పేటెంట్ సంపాదించారు. ఏడుగురు కూర్చునే మంచుబండి తయారైంది. 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి వచ్చింది. దానికి ‘స్కీ-డాగ్’ అని పేరు పెట్టాలనుకుంటే అచ్చుతప్పుతో ‘స్కీ-డూ’ అయిందనీ, అదే బాగుందని ఉంచేశారనీ చెబుతారు. ముందు రెండు స్కీలు, వెనక పొడవాటి రబ్బరు పట్టా... గుల్మార్గ్ వెళ్లినవాళ్లు ఎక్కి ఫొటోలు దిగేది ఆ కోవ బండే.

రెండు నుంచి నాలుగుకి

చాలాకాలం ఈ బండ్లకు టూ స్ట్రోక్ ఇంజిన్లే ఉండేవి. పెట్రోలు బంకులో ఆయిల్ కొలిచి పోయించుకున్న పాత స్కూటర్ల రోజులు గుర్తున్నాయిగా? అదే రకం. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. ఇంజిన్ అడుగున నూనె నిల్వ ఉండదు. కాబట్టి దానికి వేరే ఊపిరిగొట్టం అక్కర్లేదు.

కానీ పొగ? అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు పశ్చిమ ద్వారం దగ్గర వందల బండ్లు బారులు తీరితే, ఆ పొగకు తట్టుకోలేక సిబ్బంది మాస్కులు పెట్టుకునే పరిస్థితి వచ్చింది. ఇది 2002 నాటి మాట. సరిగ్గా ఆ రోజుల్లోనే యమహా తన ఆర్1 మోటార్‌సైకిల్ ఇంజిన్ ఆధారంగా ఆర్ఎక్స్-1 అనే ఫోర్ స్ట్రోక్ స్నోమొబైల్‌ని 2003 మోడల్‌గా తీసుకొచ్చింది. నాలుగు సిలిండర్లు, 998 సీసీ. పొగ తక్కువ, మైలేజీ ఎక్కువ. తర్వాత వచ్చిన ఫోర్ స్ట్రోక్ బండ్లకు టర్బోలు బిగించి శక్తి పెంచుకోవడం కుర్రకారుకి సరదాగా మారింది. ఉత్తర అమెరికాలో 2025 మోడళ్లతో యమహా ఈ వ్యాపారం నుంచి తప్పుకొంది. అమ్మిన బండ్లు మాత్రం ఇంకా మంచు మీద తిరుగుతూనే ఉన్నాయి. వాటితో పాటే ఈ ఆయిల్ తంటా కూడా.

లోపలేం జరుగుతుంది?

సిలిండర్లో పెట్రోలు మండినప్పుడు పుట్టిన వాయువులన్నీ సైలెన్సర్లోంచే పోవు. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య రింగులున్నా, వాటి సందుల్లోంచి కొంత కిందికి జారుతుంది. కొత్త ఇంజిన్‌లో కొంచెం, అరిగిన ఇంజిన్‌లో ఎక్కువ. ఇలా జారిన వాయువు ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్‌కేస్‌లో పోగవుతుంది. అక్కడ నూనె వేడి మీద తుంపర్లుగా ఎగురుతూ ఉంటుంది. వాయువుకి దారి చూపకపోతే ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లను తన్నేస్తుంది. అందుకే ప్రతి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కీ ఓ బ్రీదర్ గొట్టం ఉంటుంది.

మన పల్లెల్లో ట్రాక్టర్ మెకానిక్‌లకు ఇది కొట్టినపిండి. ఇంజిన్ నడుస్తుండగా బ్రీదర్ దగ్గర చెయ్యిపెట్టి, గుప్పుగుప్పుమంటూ పొగ తగిలితే ‘బోరుకొచ్చింది’ అని తేల్చేస్తారు. సూత్రం ఎక్కడైనా ఒకటే.

ఒకప్పుడు కార్లలో ఈ వాయువును గొట్టంతో కిందికి, రోడ్డు మీదికి వదిలేసేవారు. కాలుష్యానికి అదో కారణమని తేలాక, దాన్ని మళ్లీ ఇంజిన్ పీల్చుకునే గాలిలో కలిపి కాల్చేసే పద్ధతి 1961 మోడళ్ల నుంచి కాలిఫోర్నియా కార్లలో వచ్చింది. ఫోర్ స్ట్రోక్ స్నోమొబైల్‌లోనూ అంతే. బ్రీదర్ గొట్టం ఎయిర్‌బాక్స్‌లోకి వెళ్తుంది.

టర్బోతో తంటా

టర్బో ఏం చేస్తుంది? గాలిని బలవంతంగా సిలిండర్లోకి నెడుతుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ శక్తి. బాగానే ఉంది. కానీ సిలిండర్లో ఒత్తిడి పెరిగితే రింగుల పక్కనుంచి జారే వాయువూ పెరుగుతుంది. మామూలు ఇంజిన్ కోసం లెక్కగట్టిన గొట్టానికి అంత భారం మోయడం కష్టం. వాయువు వేగంగా దూసుకుపోతూ నూనె తుంపర్లను కూడా వెంట లాక్కెళ్తుంది.

మరో చిక్కుంది. టర్బో బిగించాక ఎయిర్‌బాక్స్‌లో ఉండేది పీల్చే గాలి కాదు, నెట్టే గాలి. బ్రీదర్‌ను పాతచోటే ఉంచేస్తే, ఆ గాలి గొట్టంలోంచి వెనక్కి తన్ని క్రాంక్‌కేస్‌లోకే పోతుంది. ఊపిరి వదలాల్సిన ముక్కులోకే గాలి ఊదినట్టన్నమాట!

టర్బో బేరింగులను తడిపిన ఆయిల్ గొట్టంలోంచి తనంతట తాను జారి క్రాంక్‌కేస్‌లో పడాలి. అక్కడ ఒత్తిడి ఎక్కువగా ఉంటే అది దిగదు. వెనక్కి తన్ని టర్బో సీళ్లలోంచి కారుతుంది. నీలం పొగ వస్తుంది. ‘టర్బో పోయింది’ అనుకుని కొత్తది కొన్నా పొగ ఆగదు. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట!

గొట్టంలో మంచుగడ్డ

చలిదేశంలో దీనికి తోడు ఇంకో శత్రువుంది... నీళ్లు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరి రూపంలో పుడతాయంటే నమ్మడం కష్టమే. కానీ నిజం. అందులో ఎక్కువభాగం సైలెన్సర్లోంచి పోయినా, కొంత క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. వేడివేడి ఆవిరి బ్రీదర్ గొట్టంలోకి వచ్చి, మైనస్ 30 డిగ్రీల గాలి తగిలేసరికి చెమ్మగా మారుతుంది. గొట్టం ఎక్కడ కిందికి వంగి ఉంటే అక్కడ చేరుతుంది. గడ్డకడుతుంది. పొర మీద పొర పేరుకుని చివరికి గొట్టం మొత్తం మూసుకుపోతుంది. ఇక ఒత్తిడికి దారేది? ఆయిల్ కొలిచే పుల్లను పైకి తన్నేస్తుంది. లేదా సీలు చీల్చుకుని బయటపడుతుంది. తీరా బండిని వెచ్చటి షెడ్డులోకి తెచ్చి వెతికితే మంచు కరిగిపోయి ఉంటుంది. దొంగ దొరకడు!

బయటికొచ్చిన ఆయిల్ ఊరుకోదు. ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ మీద పడితే మంటలు లేవొచ్చు. డ్రైవ్ బెల్టుకు అంటితే అది జారిపోయి బండి కదలదు. సిలిండర్లోకి చేరితే పెట్రోలు అదును తప్పి మండి పిస్టన్ దెబ్బతింటుంది. అంతా కారిపోతే ఇంజిన్ బిగుసుకుపోతుంది.

మితిమీరినా ముప్పే

అన్నిసార్లూ తప్పు గొట్టానిదే కాదు. ఈ బండ్లలో చాలావాటికి ఆయిల్ ఇంజిన్ అడుగున కాకుండా పక్కనున్న ట్యాంకులో ఉంటుంది. రాత్రంతా నిలబెడితే అది మెల్లగా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. పొద్దున్నే పుల్ల ముంచి చూసిన యజమాని ‘అయ్యో, తగ్గింది’ అని ఇంకాస్త పోసేస్తాడు. ఇంజిన్ తిరగ్గానే ఆయిలంతా ట్యాంకులోకి చేరి, పట్టక బ్రీదర్లోంచి పొంగుతుంది. అందుకే ఇంజిన్ వేడెక్కాక, కంపెనీ మాన్యువల్లో చెప్పిన తీరులోనే కొలవాలి.

నిటారు కొండవాళ్లలో బండి పక్కకి ఒరిగినా, పల్టీ కొట్టినా కూడా నూనె నేరుగా గొట్టంలోకి జారుతుంది. అలాంటప్పుడు లేపి నిలబెట్టగానే స్టార్ట్ చేసేయకుండా ఆయిల్ కిందికి దిగేదాకా ఆగడం మంచిది.

విరుగుడు ఉంది!

అనుభవమున్న మెకానిక్‌లు ముందు చూసేది గొట్టం కాదు, ఇంజిన్ ఆరోగ్యం. సిలిండర్లోకి గాలి నింపి ఎంత కారిపోతోందో పరీక్షిస్తారు. రింగులే అరిగిపోయి ఉంటే పైపై మార్పులు వృథా.

ఇంజిన్ బాగుంటే తర్వాతి మెట్టు లావుపాటి గొట్టం. దాన్ని ఎక్కడా గుంట పడకుండా ఒకే వాలులో అమర్చాలి. మధ్యలో క్యాచ్ క్యాన్ అనే డబ్బా పెడతారు. లోపల అడ్డుపలకలో, స్టీలు పీచో ఉంటుంది. వాయువు వాటిని తాకి వెళ్లేటప్పుడు నూనె తుంపర్లు అంటుకుని కిందికి జారతాయి. వాయువు మాత్రం ముందుకెళ్తుంది. అక్కణ్నుంచి దాన్ని టర్బో ముందు, గాలి పీల్చే వైపు కలిపితే ఆ పీల్పుకే క్రాంక్‌కేస్ ఖాళీ అవుతుంటుంది.

క్యాన్ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. చల్లగాలి తగిలేచోట పెడితే అందులోని నీళ్లు గడ్డకట్టి అదే బిరడాలా మారుతుంది. బానెట్ కింద, ఇంజిన్ వెచ్చదనం తగిలేచోట, ఎగ్జాస్ట్‌కు దూరంగా ఉండాలి. గొట్టానికి వేడి పోకుండా తొడుగు వేయాలి.

ఇవేవీ లేకుండా గొట్టాన్ని బయటికి వదిలేస్తే? సులువే. కానీ నూనె మంచులో కలుస్తుంది. ఆ మంచే కరిగి వాగుల్లోకి చేరుతుంది. క్రాంక్‌కేస్ వాయువులను నేరుగా గాలిలోకి వదిలేలా బండ్లు తయారుచేయకూడదని అమెరికా పర్యావరణ సంస్థ 2002లో నిబంధన తెచ్చింది. 2006 మోడళ్ల నుంచి అది అమలైంది.

బండిలో మార్పులంటే బలం పెంచడమొక్కటే కాదు. పొగా, శబ్దమూ తగ్గించేలా స్నోమొబైళ్లను మార్చే పోటీ అమెరికాలో ఇంజినీరింగ్ విద్యార్థులకు 2000లో మొదలైంది.

మంచు దారి మూసేస్తే బాంబార్డియర్ ఆ మంచు మీదే నడిచే బండి కనిపెట్టారు. అదే మంచు ఇప్పుడు ఓ చిన్న గొట్టాన్ని మూసి ఆ బండిని ఆపేస్తోంది. కొండెక్కే ముందు అయిదు నిమిషాలు బానెట్ ఎత్తి చూసుకుంటే చాలు... సాయంత్రానికి క్షేమంగా ఇంటికి చేరొచ్చు!

బయలుదేరే ముందు...

* బ్రీదర్ గొట్టంలో మంచు, మడత లేకుండా చూసుకోవాలి.
* క్యాచ్ క్యాన్‌ను ప్రతి ప్రయాణం తర్వాత ఖాళీ చేయాలి.
* ఆయిల్ మూత కింద పాలమీగడలా తెల్లటి జిగురు కనిపిస్తే లోపల నీరు చేరినట్టే. ఆయిల్ పెట్రోలు వాసన కొట్టినా మార్చేయాలి.
* ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా చిన్నచిన్న దూరాలు తిప్పి ఆపేస్తే ఆ తేమ ఆవిరి కాకుండా ఆయిల్లోనే ఉండిపోతుంది.
* కొండల్లోకి ఎప్పుడూ ఒంటరిగా వెళ్లకూడదు. విడి బెల్టు, ఆయిల్, అగ్గిపెట్టె, వెచ్చటి బట్టలు వెంట ఉండాలి.