మీకు తెలుసా? చక్రాలు మారిస్తే కారుకూ చెప్పాలి
చక్రాలు మార్చాక, గాలి సరిగ్గానే ఉన్నా డ్యాష్‌బోర్డులో పసుపు దీపం ఆరడం లేదా? గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో కనిపించేదే అది. చాలా కార్లలో ప్రతి చక్రం లోపల, వాల్వు మొదట్లో, బ్యాటరీతో నడిచే చిన్న ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో గుర్తింపు సంఖ్య. కొత్త సంఖ్యలు నమోదయ్యేదాకా ఆ సెన్సర్లు పంపే రేడియో సంకేతాలను కారు పట్టించుకోదు. కొన్ని కార్లు కాసేపు నడిపితే వాటంతటవే నమోదు చేసుకుంటాయి. కొన్నిటికి మెకానిక్ దగ్గరుండే పరికరం కావాలి.

ఇంకో పద్ధతిలో చక్రంలో ప్రెషర్ సెన్సరే ఉండదు. గాలి తగ్గిన టైరు వ్యాసార్ధం కొద్దిగా తగ్గి, మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది. బ్రేకుల వ్యవస్థలోని ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడాను పట్టేస్తాయి. అసలు జాగ్రత్త ఇక్కడే: ఇలాంటి కార్లలో గాలి తక్కువగా ఉన్నప్పుడు ఈ హెచ్చరిక రీసెట్ నొక్కితే, ఆ తక్కువనే కారు సరైన కొలతగా తీసుకుంటుంది. హెచ్చరిక రావాల్సినప్పుడు రాదు. అందుకే టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చూసి గాలి నింపాకే రీసెట్ చేయండి.

టైర్లు విచ్చిపోయి జరిగిన ప్రమాదాల తర్వాత అమెరికా 2000లో తెచ్చిన ట్రెడ్ చట్టంతోనే ఈ హెచ్చరిక దీపం అక్కడి కార్లలో తప్పనిసరి అయింది.