ర్యాంప్ ఉంది సరే, వీల్‌చెయిర్ ఎక్కుతుందా? మీ ఫోన్‌తోనే చెక్ చేయండి

మీ కాలనీలో బ్యాంకు ముందో, మీసేవ ముందో ర్యాంప్ ఉండే ఉంటుంది. చాలాచోట్ల అది బైక్ ఎక్కించడానికే పనికొస్తుంది. అసలు సమస్య వాలు. మన దేశ ప్రమాణాల ప్రకారం అది 1:12 మించకూడదు. అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకి కనీసం 180 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. కోణం సుమారు 4.8 డిగ్రీలు.

ఐఫోన్‌లో మెజర్ యాప్‌లోని లెవెల్ ఈ కోణం చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఏదైనా బబుల్ లెవెల్ యాప్ చాలు. కెమెరా బంప్ ఉంటుంది కదా, ఫోన్‌ని వెల్లకిలా పెడితే లెక్క తప్పుతుంది; పొడవాటి అంచు మీద నిలబెట్టండి. రీడింగ్ 10 దాటిందా? స్క్రీన్‌షాట్, ఫొటో రెండూ తీసుకోండి. "ర్యాంప్ కట్టాం కదా" అనేవాళ్లకి అదే జవాబు.

2021లో కేంద్రం తెచ్చిన సుగమ్య భారత్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయొచ్చు. షాపులు, హోటళ్లయితే వీల్‌మ్యాప్‌లో మార్క్ చేయండి. బెర్లిన్‌లో 2010లో మొదలైన ఈ మ్యాప్‌లో ఆకుపచ్చ అంటే వెళ్లొచ్చు, నారింజ అంటే కొంతవరకే, ఎరుపు అంటే కుదరదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది కాబట్టి మన వీధి కూడా అందులో చేరుతుంది.

ఒక్కరే తిరగొద్దు, నలుగురు కలవండి. ముఖ్యంగా మీ ఏరియాలో వీల్‌చెయిర్ వాడేవాళ్లని ముందే అడగండి. మీరు కేఫ్‌తో మొదలుపెడదాం అనుకుంటారు, వాళ్లకి ముందు కావాల్సింది మందుల షాపు కావచ్చు.