రెండే... ఏ రెండు?

ఇంట్లో ఉన్నవి మూడు తుపాకులు. చట్టం ఉంచుకోమన్నది రెండు. తాతదా, నాన్నదా, మొన్నీమధ్య కొన్నదా... దేన్ని వదులుకోవాలి? సంస్థానాలు ఏలిన పాలమూరు గడ్డమీద ఈ లెక్క తేలడం అంత సులువు కాదు మరి!

వనపర్తి పక్కన ఓ పల్లె. పాతకాలపు పెద్ద ఇల్లు. గోడకి చిలక్కొయ్య, దానికి తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ. బీరువాలో నాన్న కొన్న .315 రైఫిల్. దిండు పక్కన .32 రివాల్వర్. మూడింటికీ లైసెన్సు ఒక్కటే, డెబ్బై దాటిన ఇంటి పెద్దాయన పేరున. అలాంటి ఇల్లొకటి ఊహించుకోండి. అది 2020వ సంవత్సరం. ఒకటి అప్పగించాల్సిందేనని కబురొచ్చింది.

'తాత తుపాకీ ఎవరు పేలుస్తున్నరు నాయినా, అదే ఇచ్చేద్దాం' అంటాడు కొడుకు.

'పేల్చకపోతే ఏందిరా, తాత చెయ్యి తగిలిన కట్టె అది' అంటాడు పెద్దాయన.

ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

మూడు నుంచి రెండుకు...

తెల్లదొరల కాలపు 1878 చట్టం పోయి 1959లో మన ఆయుధాల చట్టం వచ్చింది. ఒక మనిషికి గరిష్ఠంగా మూడు తుపాకులన్న హద్దు 1983 సవరణతో పడింది. 2019లో కేంద్రం దాన్ని ఏకంగా ఒకటికి తగ్గించాలనుకుంది. పంజాబ్ లాంటిచోట్ల నుంచి అభ్యంతరాలొచ్చాయి. సరిహద్దు ఊళ్లు, వారసత్వపు తుపాకులు, పొలాల కాపలా... ఇలా ఎన్నో కారణాలు చెప్పారు. చివరికి పార్లమెంటు 'రెండు' దగ్గర ఆగింది. ఆ ఏడాది డిసెంబరు 14న సవరణ అమల్లోకి వచ్చింది. మూడున్నవాళ్లు తమకి నచ్చిన రెండు ఉంచుకుని, మూడోదాన్ని ఏడాదిలోగా పోలీసుఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. వారసత్వంగా వచ్చిందైనా సరే, మినహాయింపు లేదు. కాకపోతే ఓ ఊరట... లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

అమెరికాలో ఒకరికి ఇన్నే అనే జాతీయ పరిమితి లేదు. అక్కడ తుపాకీ రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఇక్కడ సర్కారు ఇచ్చే అనుమతి. తేడా అదే.

ఫిరంగుల నేల

గద్వాల, వనపర్తి... రెండూ నిజాం రాజ్యంలో పేరున్న సంస్థానాలు. వనపర్తి రాజా ఆఫ్రికా సంతతి సిద్దీలతో పోషించిన దళమే తర్వాత నిజాం కొలువుకు చేరిందంటారు. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేరులో 'ఏసీ' అంటే ఆఫ్రికన్ కావల్రీయే. ఇక నాగర్‌కర్నూలు వైపు నల్లమల. మన్ననూరు మీదుగా ఫరహాబాద్ గుట్టలకు నిజాం కాలపు పెద్దలు వేటకు వెళ్లేవారు.

1948తో నిజాం పాలన ముగిసింది. నేడు గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తున్నాయి. వేట ముచ్చటా తీరిపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పగ్గాలు వేస్తే, 1991 సవరణ సరదా వేటకు పూర్తిగా తలుపులు మూసింది. ఒకప్పటి ఫరహాబాద్ వేట అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం!

దేని పని దానిదే

అన్ని అవసరాలకూ రెండే ఉండాలంటే, ముందు ఏది ఏం చేస్తుందో తెలియాలి.

పన్నెండు బోరు డబుల్ బ్యారెల్: గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఒక్కో తూటాలోంచి సీసపు గుళ్లు గుంపుగా చిమ్ముతాయి. ముప్ఫై నలభై గజాల్లోనే దాని ప్రతాపం. ఇంటికి, పొలానికి అది చాలు. బ్యాంకు దగ్గర కాపలాకి నిలబడే మాజీ సైనికుడి భుజాన ఎక్కువగా కనిపించేదీ ఇదే. అతనికి అది దర్పం కాదు... నెలజీతం.

.315 రైఫిల్: గొట్టం లోపల మెలిగాళ్లుంటాయి. గుండు తిరుగుతూ వందల గజాలు సూటిగా దూసుకెళ్తుంది. గురి తప్పితే కిలోమీటరు అవతల ఉన్నవాళ్లకీ ప్రమాదమే. పొలాల్లో కూలీలు తిరిగే ఊళ్లో ఈ సంగతి మర్చిపోకూడదు.

.32 రివాల్వర్: ఆరు గుళ్లు, అరచేతిలో ఇమిడే సైజు. ప్రయాణంలో ఆత్మరక్షణకి తప్ప మరెందుకూ కొరగాదు. సాధన లేకపోతే దానికీ అక్కరకు రాదు.

.303, 9 ఎంఎం లాంటివి నిషిద్ధ బోరు. మామూలు జనానికి అవి దొరకవు.

అంటే లెక్క ఎటు మొగ్గుతోంది? ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది. పొడుగువాటిలో డబుల్ బ్యారెలే నయం. వేట లేనప్పుడు రైఫిల్‌కు పనేముంది? చట్టం కూడా ఇటే ఉంది. పంట కాపలాకు భర్మారు తుపాకీ, అది చాలదనిపిస్తే నున్న గొట్టం తుపాకీ అంటూ ప్రత్యేకంగా చెప్పింది. తాత తుపాకీయే గెలిచిందన్నమాట!

పంది వచ్చింది కదాని...

అచ్చంపేట, కొల్లాపూర్ వైపు అడవి అంచు రైతుని అడిగితే మొదట చెప్పేది అడవిపందుల గోలే. రాత్రికి రాత్రి మొక్కజొన్న, వేరుశనగ చేలు దున్నేసినట్టు చేసి పోతాయి. అలాగని లైసెన్సు ఉంది కదా అని పేలిస్తే నేరమే. తుపాకీ లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. పంట నాశనం చేసే పందుల విషయంలో అనుమతిచ్చే అధికారాన్ని 2021లో తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు ఇచ్చింది. అదీ ఎంపిక చేసిన షూటర్లతోనే కాల్పించాలి. పులుల అడవి పక్కన తూటాకి లెక్క ఉండాల్సిందే.

మూడోది ఏమైనట్టు?

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రెండు అన్నది ఇంటికి కాదు, మనిషికి. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం తీసుకుని పాతికేళ్లయినా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చమని కోరవచ్చు. వారసుడికి 21 ఏళ్లు నిండి ఉండాలి. పోలీసు విచారణలో నెగ్గాలి, తుపాకీ వాడకంలో శిక్షణ సర్టిఫికెట్ తేవాలి. లేదంటే లైసెన్సున్న మరొకరికి అమ్ముకోవచ్చు. దానికి 45 రోజుల ముందు అధికారులకి రాసివ్వాలి. ఇవేవీ చేయకుండా అటక మీద దాచారో, అది దొంగ తుపాకీతో సమానమే. 2019 సవరణతో అలాంటి నేరానికి కనీసశిక్ష రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు. పెళ్లి ఊరేగింపులో సరదాకి గాల్లోకి కాల్చి జనాన్ని ప్రమాదంలోకి నెట్టినా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ.

పోనీ ఆ రెండైనా ఎప్పుడూ ఇంట్లో ఉంటాయా? ఎన్నికల నగారా మోగితే పోలీసులు అడిగిన తుపాకులన్నీ ఠాణాకి చేరాల్సిందే. బ్యాంకు కాపలాదారులు, షూటింగ్ క్రీడాకారుల్లాంటివాళ్లకే సాధారణంగా మినహాయింపు. ఫలితాలొచ్చాకే రసీదు చూపించి తిరిగి తెచ్చుకోవాలి.

ఊహించుకున్న ఆ ఇంటికే మళ్లీ వెళ్దాం. పెద్దాయన దగ్గర రెండు మిగిలాయి. రైఫిల్ డీలరు దగ్గరికి వెళ్లింది. తన పేరున మార్పించుకోవచ్చని కొడుక్కి తెలిసింది. దరఖాస్తు ఫారం కూడా తెచ్చాడు. 'కారణం' అన్నచోట కలం ఆగిపోయింది. వేటలేదు. శత్రువుల్లేరు. పొలం కౌలుకిచ్చారు. నాన్న గుర్తు అని రాస్తే సరిపోతుందా?

ఏ రెండు ఉంచుకోవాలన్నది చట్టం అడిగిన ప్రశ్న. అసలెందుకు ఉంచుకోవాలన్నది ఆ కాగితం అడిగింది. రెండోదే కష్టం!