పట్టికలో పేరు

ఇంటర్మీడియట్‌లో గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం అభ్యసించే విద్యార్థులలో పలువురు చార్టర్డ్ అకౌంటెంట్ కావాలని ఆశిస్తారు. ఆ పరీక్షల కాఠిన్యం లోకవిదితం. ఒకసారి ఉత్తీర్ణులైతే ఆ హోదా జీవితాంతం తమదేనని వారు భావించడం సహజం. కాని విద్య వేరు, వృత్తి చేసే అధికారం వేరు. మొదటిదాన్ని ఎవరూ తీసుకోలేరు. రెండవదాన్ని ఏటేటా నిలుపుకోవాలి.

1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం, భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ సభ్యుల పట్టికను నిర్వహిస్తుంది. పరీక్షలో నెగ్గి, శిక్షణ ముగించినవారు ఆ పట్టికలో పేరు నమోదైనప్పుడే సభ్యులవుతారు. స్వతంత్రంగా వృత్తి సాగించదలచినవారు ప్రాక్టీసు ధ్రువపత్రం కూడా పొందాలి. ఈ రెండింటికీ వేర్వేరు వార్షిక రుసుములున్నాయి. అవి ఏప్రిల్ 1న చెల్లించవలసినవి. సెప్టెంబరు 30 వరకు వెసులుబాటు ఉంటుంది. అప్పటికీ చెల్లించకపోతే ధ్రువపత్రం రద్దవుతుంది. సభ్యత్వ రుసుము చెల్లించనివారి పేరును పట్టిక నుంచి తొలగించే అధికారాన్ని 20వ సెక్షను సంస్థ కౌన్సిలుకు ఇచ్చింది. మరణించినవారి పేర్ల తొలగింపును చెప్పినదీ ఆ సెక్షనే. వృత్తి దృష్టితో చూస్తే ఈ సామీప్యం అనుచితమేమీ కాదు.

దుష్ప్రవర్తనకు విధించే తొలగింపు దీనికి భిన్నమైనది. అందులో ఆరోపణ, విచారణ, నిర్ణయం ఉంటాయి. రుసుము విషయంలో ఉద్దేశంతో పనిలేదు. అనారోగ్యం వల్ల, చిరునామా మారడం వల్ల, కేవలం మరపు వల్ల కూడా గడువు దాటిపోవచ్చు. పైగా ఆదాయపు పన్ను ఆడిట్ నివేదికలకు, చాలా కంపెనీల వార్షిక సర్వసభ్య సమావేశాలకు సాధారణంగా గడువు ఆ సెప్టెంబరు 30వ తేదీయే. పరుల గడువుల కోసం రేయింబవళ్లు శ్రమించేవారు తమ గడువును మరచిపోతే ఆశ్చర్యమేముంది?

ఫలితం మాత్రం తీవ్రమైనది. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం, చెల్లుబాటయ్యే ప్రాక్టీసు ధ్రువపత్రం గలవారే కంపెనీ ఆడిటరుగా ఉండగలరు. 2019 నుంచి ఆడిట్ నివేదికలపై, ధ్రువీకరణ పత్రాలపై ఉండవలసిన ప్రత్యేక గుర్తింపు సంఖ్యను పొందడానికి కూడా ఆ ధ్రువపత్రం అవసరం. అది లేకుండా వృత్తిలో ఉన్నట్లు చెప్పుకోవడం 24వ సెక్షను కింద శిక్షార్హం. చూడడానికి ఇది కఠినంగానే తోస్తుంది. అయితే ఆడిటరు సంతకాన్ని నమ్మి బ్యాంకు అప్పు ఇస్తుంది, మదుపరి వాటా కొంటాడు. ఆ సంతకం చేసినవారు ఎవరికి జవాబుదారులో ఆ పట్టికే తెలుపుతుంది.

కోల్పోయినదాన్ని తిరిగి పొందడానికి మళ్లీ పరీక్ష రాయనక్కరలేదు. దరఖాస్తు, బకాయి, అదనపు రుసుము చెల్లిస్తే పేరు పునరుద్ధరణ పొందే వీలుంది. ఇక్కడ తేదీయే ప్రధానం. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా, అంటే మార్చి 31లోగా, దరఖాస్తు, రుసుము అందితే ప్రాక్టీసు ధ్రువపత్రాన్ని అది రద్దయిన నాటి నుంచే పునరుద్ధరించవచ్చు. మధ్యకాలంలో లోటు మిగలదు. మార్చి దాటితే ఆ సౌలభ్యం వర్తించదు.

కంపెనీలతో వ్యవహారం మరొక తీరు. అర్హత పోయిన ఆడిటరు పదవిని విడువవలసిందే. అట్టి ఖాళీని, అది ప్రభుత్వ కంపెనీ కాకుంటే, డైరెక్టర్ల బోర్డు 30 రోజులలో భర్తీ చేయాలి. పట్టికలోకి పేరు తిరిగి వచ్చేనాటికి ఆ స్థానంలో మరొకరు సంతకం చేస్తూ ఉండవచ్చు.