కేజీ చదువా... ఆటలే మేలు!

మూడేళ్లు నిండాయో లేదో... బుజ్జాయి వీపున పుస్తకాల సంచీ! సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ ముందుగా తెరిచి చూసేది నోట్‌బుక్కునే. పేజీలు నిండితే ‘మంచి బడి’. ‘ఇవాళంతా ఆడుకున్నాం’ అన్నాడో... ‘ఇంత ఫీజు కట్టింది ఇందుకా?’ అన్న దిగులు. ఆ దిగులు అక్కర్లేదు. ఆ వయసుకి తగిన చదువు ఆటలోనే ఉంది.

పెన్సిల్‌కి ముందు పిండిముద్ద

మూడేళ్ల పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. వేళ్లకి పట్టూ తక్కువే. ఆ చేత గంటల తరబడి ఏబీసీడీలు దిద్దిస్తే మిగిలేది నొప్పి, విసుగు... చివరికి బడంటేనే భయం. అదే చేతికి చపాతీ పిండో, బంకమట్టో ఇచ్చి చూడండి. పిసుకుతూ, ఉండలు చేస్తూ, పూసలు గుచ్చుతూ ఉంటే పెన్సిల్ పట్టుకునే బలం మెల్లగా వస్తుంది.

అంకెలూ అంతే. ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే చిన్నారిని ‘ఐదు చింతగింజలు ఇవ్వు’ అంటే గుప్పెడు తీసి ఇవ్వొచ్చు. వామనగుంటల్లో ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేస్తుంటే లెక్క అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. గుజ్జనగూళ్లు ఆడుతూ ఉత్తుత్తి అతిథులకు వడ్డించే పిల్ల మాటలు కూర్చడం, ఎదుటివారి మనసెరగడం నేర్చుకుంటుంది. దాగుడుమూతల్లో కళ్లు తెరవకుండా ఉండటం, తన వంతు కోసం ఆగడం... ఇవన్నీ రేపు తరగతిలో కుదురుగా కూర్చోవడానికి పనికొచ్చేవే.

ఆ ‘కేజీ’ అర్థం ఇదీ!

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1840లో తన బడికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టారు. పిల్లల తోట అని అర్థం. అక్కడ చిన్నారులకి ఇచ్చినవి ఊలు బంతులు, చెక్క దిమ్మెలు. మన ఎల్‌కేజీ, యూకేజీల్లోని ‘కేజీ’ ఆ తోటే! మనదేశంలోనూ గిజుభాయి బధేకా లాయరు వృత్తి వదిలి 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిర్ ప్రారంభించారు. కథలు, పాటలు, ఆటలే అక్కడి పాఠాలు.

తొందరపెడితే ఏమవుతుంది? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1967లో 68 మంది పేద పిల్లలను మూడు రకాల ప్రీస్కూళ్లలో చేర్చారు. ఒకదాంట్లో టీచరు చెప్పే పాఠాలే. మిగతా రెండింట్లో పిల్లలు తామే ఎంచుకునే ఆటలు, పనులు. చిన్న అధ్యయనమే అయినా, 23 ఏళ్ల వయసులో పరిశీలిస్తే... పాఠాలకే పరిమితమైన జట్టులో మానసిక సమస్యలు, అరెస్టులు ఎక్కువగా కనిపించాయి.

మన 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. ఆ దశ కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక ఆటకే పెద్దపీట వేసింది.

అలాగని పిల్లల్ని గదిలో వదిలేసి టీచరు కబుర్లు చెప్పుకుంటే అది ఆటబడి అయిపోదు. దిమ్మెలు కూలిపోయినప్పుడు ‘ఎందుకు పడిందంటావ్? కింద పెద్దది పెడితే?’ అని అడిగే టీచరు ఉండాలి. ఆటని చదువుగా మార్చేది ఆ ప్రశ్నే.

చేర్చే ముందు చూడండి

* బొమ్మలు, పుస్తకాలు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, లేక అద్దాల బీరువాలో అలంకారంగా ఉన్నాయా?
* ఇసుక, నీళ్లు, మట్టితో ఆడనిస్తున్నారా? పరిగెత్తడానికి చోటుందా?
* టీచరు నేలమీద కూర్చుని పిల్లలతో మాట్లాడుతున్నారా? ఇంటి భాషలో మాట్లాడనిస్తున్నారా?
* సీటు ఇవ్వడానికి బుజ్జాయికి పరీక్ష పెడుతున్నారా?
* మూడేళ్లకే హోంవర్క్ ఇస్తున్నారా? అయితే ఇంకో బడి చూసుకోవడం మంచిది.