సోల్డర్ జాయింట్‌కి ఒక ఫొటో

రిపోర్టులో పెట్టిన బోర్డు ఫొటో మసకగా ఉంటే, మనం ఎంత నీట్‌గా సోల్డరింగ్ చేసినా ఎక్స్‌టర్నల్‌కి కనిపించేది ఆ మసకే. చాలామంది ఫోన్‌ని బోర్డుకి ఆనించేంత దగ్గర పెడతారు. ప్రతి లెన్స్‌కీ ఒక కనీస దూరం ఉంటుంది, అది దాటి దగ్గరికెళ్తే ఫోకస్ కాదు. కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి.

దగ్గర్నుంచి తీస్తే ఫోకస్ పట్టే లోతు చాలా తక్కువ. ఫోన్ ఏమాత్రం వాలినా బోర్డులో ఒక అంచు స్పష్టంగా, రెండోది అలుక్కుపోయినట్టు వస్తుంది. అందుకే రెండు పుస్తకాల దొంతరల మీద ఫోన్‌ని వంతెనలా పడుకోబెట్టి, టైమర్‌తో తీయండి. చేతి కుదుపూ ఉండదు. (లావు టెక్స్ట్‌బుక్కులు ఇలాగైనా పనికొస్తాయి!)

ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు. సోల్డర్ అద్దంలా మెరిసి తెల్ల మచ్చ మిగులుతుంది. కిటికీ వెలుగు పక్కనుంచి పడనిచ్చి, నీడ వైపు తెల్ల కాగితం నిలబెట్టండి.