పందొమ్మిదేళ్ళ విమానచోదకుడు

చదువుకునే రోజుల్లో లాలాపేటలో చిన్న గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. సాయంత్రం డాబా మీద చాప పరచుకుని పుస్తకం తెరిస్తే చాలు, బేగంపేటలో దిగబోయే విమానం నెత్తిమీదుగా పోయేది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక ఆ చప్పుడు తగ్గింది. అదే బేగంపేటలో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన ఈడు కుర్రవాళ్ళకు టైగర్‌మాత్ విమానాల మీద మొదటి పాఠాలు చెప్పేవారని తరువాత చదివి తెలుసుకున్నాను.

ఆ తరం కుర్రవాళ్ళు ఇద్దరిని మీకు పరిచయం చేయాలి. ఇద్దరి పుట్టినరోజూ జూన్ 9. ఒకరు 1923లో హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, వైమానిక దళంలో చేరిన ఇద్రిస్ హసన్ లతీఫ్. రెండవవాడు 1922లో షాంఘైలో పుట్టిన జాన్ గిలెస్పీ మాగీ. తండ్రి అమెరికన్ మతగురువు, తల్లి ఇంగ్లీషు వనిత.

మాగీకి యేల్ విశ్వవిద్యాలయంలో చదువుకునే అవకాశం వచ్చింది. దాన్ని వదులుకుని 1940 అక్టోబరులో కెనడా వైమానిక దళంలో చేరాడు. మరుసటి ఏడు ఆగస్టుకల్లా బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్ నడుపుతున్నాడు. 1941 సెప్టెంబరు 3న తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంతో పాటు పద్నాలుగు పంక్తుల పద్యం ఒకటి పంపాడు. ముప్ఫైవేల అడుగుల ఎత్తున మొదలైన ఆ పద్యం నేలకు దిగాక పూర్తయిందట. దాని పేరు ‘హై ఫ్లైట్’.

మూడు నెలలు గడిచాయి. డిసెంబరు 11న లింకన్‌షైర్ మీద అతని దళం బారులు తీరి ఎగరడం సాధన చేస్తోంది. మబ్బుల్లో సందు చూసుకుని విమానాలు కిందికి దిగాయి. సరిగ్గా అక్కడే క్రాన్‌వెల్ శిక్షణ కేంద్రం వారి ఆక్స్‌ఫర్డ్ విమానం వస్తోంది. రెండూ ఢీకొన్నాయి. మాగీ పైకప్పు తోసుకుని బయటికి దూకాడు గాని, పారాచూట్ విచ్చుకునేంత ఎత్తు లేకపోయింది. వయసు పందొమ్మిది. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఎర్నెస్ట్ ఆబ్రే గ్రిఫిన్ కూడా ప్రాణం విడిచాడు. అతనూ నేర్చుకుంటున్నవాడే.

శిక్షణలో ఇంత ప్రమాదం ఎందుకని అడగవచ్చు. యుద్ధానికి పైలట్లు తొందరగా కావాలి. నిదానంగా పోయే టైగర్‌మాత్ నుంచి గంటకు 350 మైళ్ళు దాటే స్పిట్‌ఫైర్‌కు కొద్ది నెలల్లోనే మారాలి. స్పిట్‌ఫైర్‌లో సీటు ఒక్కటే. పక్కన గురువు కూర్చునే వీలు లేదు, మొదటిసారే ఒంటరిగా ఎగరాలి. పైగా అక్కడి ఆకాశం విమానాలతో కిక్కిరిసి ఉండేది. మబ్బులోంచి దిగేవాడికి ఎదుటి విమానం కనబడేసరికి తప్పుకునే వ్యవధి ఉండేది కాదు. ఒక్క అమెరికా గడ్డ మీదే ఆ యుద్ధకాలంలో సుమారు 15,000 మంది శిక్షణ తదితర ప్రమాదాల్లో పోయారు. వాళ్ళలో చాలామంది శత్రువును చూడనైనా లేదు.

లతీఫ్ కూడా ఇంగ్లాండులో స్పిట్‌ఫైర్ నడిపారు. బర్మా యుద్ధంలో పాల్గొని తిరిగివచ్చారు. 1978లో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యారు. 2018లో, నిండు వయసులో, హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఒకే తేదీన పుట్టి, ఒకే రకం విమానం ఎక్కినవాళ్ళలో ఒకరికి తొంభైనాలుగేళ్ళు, ఒకరికి పందొమ్మిది. ఆ తేడాలో ప్రతిభ పాలు ఎంతో, ఒక మబ్బు పాలు ఎంతో ఎవరు చెప్పగలరు?

మాగీని ఆ పద్యం బతికించింది. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన రోజున అమెరికా అధ్యక్షుడు రీగన్ అందులోని మాటలే తలచుకున్నారు. గ్రిఫిన్ పద్యం రాయలేదు; అతణ్ణి తలచేవాళ్ళు తక్కువ.

ఇదంతా పాతకథ అనుకోకండి. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి లేచిన శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి, గురువూ శిష్యుడూ ఇద్దరూ మరణించారు. మన ఊరికి ఎంతో దూరం కాదు. యుద్ధవీరులను స్మరించేటప్పుడు, పాఠం పూర్తికాకుండానే వెళ్ళిపోయిన ఈ విద్యార్థులకూ మన మనసులో చోటివ్వాలి. వాళ్ళు మనలాంటి విద్యార్థులే. వాళ్ళ తరగతి గది ఆకాశం, అంతే.